పావుగంటలో పుస్తకం

రంగులక్కకి కోపం రావడం ఆ స్టూడియోలో ఎవరూ చూసి ఎరగరు. పిల్లల బొమ్మల పుస్తకాలు తయారుచేసే ఆ ఆఫీసులో అందరికంటే పాత మనిషి ఆమె. రంగుల పని చూస్తుంది కాబట్టి రంగులక్క అయింది, తనకంటే వయసులో పెద్దవాళ్ళకి కూడా. ప్రింటరు మొరాయిస్తే నవ్వేది. బావుందని ఒప్పుకున్న బొమ్మనే మళ్ళీ మార్చమంటే, "మార్చేద్దాం, దానికేం" అని నవ్వేది. అలాంటి మనిషి ఆ సోమవారం పొద్దున చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కంప్యూటర్లో తన మొహం తనే చూసుకుంటూ, బల్ల అంచుని గోళ్ళతో గీకుతూ కూర్చుంది.

తెర మీద ఆమె వీడియో నడుస్తోంది. పైన పెద్ద అక్షరాలతో 'పావుగంటలో బొమ్మల పుస్తకం: మా ఏఐ వర్క్‌ఫ్లో' అని రాసుంది.

ఆ వీడియో తియ్యాలన్న ఆలోచన సారుది. స్టూడియో ఆయనదే. కొన్నాళ్ళ కిందట రంగులక్కని తన గదిలోకి పిలిచి, "ఏఐని మనం పనిలో ఎలా వాడుతున్నామో మన లైన్లో వాళ్ళందరికీ చూపిద్దామమ్మా. ఉద్యోగస్థులూ కంపెనీల వాళ్ళూ చూసే సైటులో పెడదాం. నీకంటే బాగా చెప్పేవాళ్ళు మన దగ్గర లేరు" అన్నాడు. ఆమె సంబరపడిపోయింది. బొమ్మలు గీసే ఆ ఏఐ యంత్రంతో ఆమెకి పేచీ ఏమీ లేదు. అది కొత్తగా వచ్చినప్పుడు ఆఫీసులో సగం మంది బెంగపెట్టుకున్నారు, సగం మంది తిట్టిపోశారు. రంగులక్క మాత్రం దాని ముందు కూర్చుని, దానికి ఏం వచ్చో ఏం రాదో ఓపిగ్గా తెలుసుకుంది. సాయంత్రపు వెలుగు ఎలా ఉంటే బావుంటుందో నాలుగు రకాలుగా చూపించమంటే చిటికెలో చూపిస్తుంది. వీధి ఇటు పెడదామా అటు పెడదామా అంటే పెట్టి చూపిస్తుంది. అంతవరకు మంచి తోడు. ఆ తర్వాత మనల్ని ముంచుతుంది. ఈ రెండూ చెప్పాలని ఆమెకి ఎప్పట్నుంచో ఉంది.

అప్పుడు చేతిలో ఉన్న పుస్తకం ఒక మేకపిల్లది. దానికి ఒక కొమ్ము సగానికి విరిగి ఉంటుంది. కథంతా ఆ విరిగిన కొమ్ము మీదే నడుస్తుంది. యంత్రానికేమో ఆ ముక్క ఎంత చెప్పినా ఎక్కదు. మేకన్నాక రెండు కొమ్ములూ నిండుగా ఉండాలని ఎక్కడో నేర్చుకుంది, మొండికేసినట్టు ప్రతిసారీ రెండు కొమ్ములూ మొలిపిస్తుంది. మేక ఈ పేజీలో పిల్ల, పక్క పేజీలో పెద్దది. చేతిలో గొడుగు ఎర్రగా బయల్దేరి మధ్యలో నారింజ రంగుకి తిరుగుతుంది. మొహం సరిగ్గా పుస్తకం మడతలోకి వచ్చి పడుతుంది. ఇవన్నీ రంగులక్క, గీతల పని చేసే అమ్మాయి, పేజీలు కూర్చే ఆయన కలిసి వారాల తరబడి చేత్తో దిద్దారు. రికార్డింగులో అదంతా దాచకుండా చూపించింది. కొమ్ము చెరిపింది, మళ్ళీ గీసింది, మధ్యలో విసుక్కుంది కూడా. మొత్తం రెండున్నర గంటలు వచ్చింది.

ఇప్పుడు తెర మీద ఉన్నది ఆరు నిమిషాలు. అందులో ఆమె నవ్వుతూ, "ఇక్కడిదాకా రావడానికి పావుగంట పడుతుంది" అంటుంది. ఆ మాట వెనకే చప్పున పూర్తయిన పేజీ వచ్చేస్తుంది, విరిగిన కొమ్ముతో సహా. అయిపోయింది.

రంగులక్క ఇయర్‌ఫోన్లు పీకేసి సారు గదిలోకి వెళ్ళింది.

"సార్, నా మాట సగంలో కోసేశారు."

"కూర్చో అమ్మా. టీ తాగావా?"

"నేనన్నది, ఇక్కడిదాకా రావడానికి పావుగంట పడుతుంది, అసలు పని ఇక్కణ్ణించి మొదలవుతుంది అని. మీరు మొదటి ముక్క ఉంచి రెండో ముక్క తీసేశారు. దాని పక్కన మేం చేత్తో చేసిన పేజీ తెచ్చి అతికించారు."

"రెండున్నర గంటలు ఎవరు చూస్తారు చెప్పు. జనానికి ఓపికెక్కడిది? ఏదో రుచి చూపించాం. వంటంతా వండి చూపిస్తామా?"

"రుచి చూపించింది మేం వండిన కూర సార్. వండింది యంత్రమని చెప్పారు."

సారు హాయిగా నవ్వాడు. కంప్యూటర్ ఆమె వైపు తిప్పి, "చూడు, ఎన్ని వేలమంది చూశారో. ఇన్నేళ్ళలో నా మొహం ఇంతమంది చూళ్ళేదు. సంతోషించాల్సింది పోయి పోట్లాడతావేంటి" అన్నాడు.

ఆమె బయటికి వచ్చింది. సీట్లో కూర్చుని వీడియో కింద జనం రాసినవి చదివింది. అద్భుతం అన్నారు. కళ్ళు తెరిపించారు అన్నారు. మా టీముకి ఇప్పుడే పంపుతున్నాను అని ఒకాయన రాశాడు. ఇంకొకాయన, 'ఇన్నాళ్ళూ మా ఆర్టిస్టులు వారాలకి వారాలు ఏం చేస్తున్నారో ఇప్పుడర్థమైంది' అని రాసి, పక్కన నవ్వే బొమ్మ పెట్టాడు. రంగులక్కకి ఒళ్ళు మండింది. వెంటనే దాని కింద, 'ఈ పేజీ ముగ్గురు మనుషులు కొన్ని వారాలు కష్టపడి చేసింది, పావుగంటలో అయింది కాదు' అని రాసింది. టీ తాగి వచ్చేసరికి ఆ వాక్యం లేదు. మళ్ళీ రాసింది. మళ్ళీ పోయింది. అద్దాల గది వైపు చూస్తే సారు తలొంచుకుని మౌసు కదుపుతున్నాడు.

ఆ వారం చివర్లో ఆడపడుచు ఇంటికి వచ్చింది. రంగులక్క భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, ఆయన చెల్లెలు చిట్టి. బొమ్మల మీద ఇష్టం చిట్టికి వదిన దగ్గరే పట్టుకుంది. ఇప్పుడు వేరే స్టూడియోలో బడి పుస్తకాలకి బొమ్మలు వేస్తోంది. వచ్చిందంటే ముందు వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మూతలన్నీ తీసి చూసే పిల్ల, ఆ రోజు బ్యాగు భుజం మీంచి దించకుండానే గది మధ్యలో నిలబడింది.

"నేర్పు వదినా" అంది.

"ఏం నేర్పను?"

"పావుగంటలో పుస్తకం."

రంగులక్క నవ్వబోయి ఆగిపోయింది. చిట్టి మొహం మాడిపోయి ఉంది.

"మొన్న మీటింగులో పెద్ద తెర మీద నీ వీడియో వేశారు. చూడండి, ఈవిడ ఒక్కతే ఎంత పని చేస్తోందో అన్నాడు మా మేనేజరు. నేను పిచ్చిమొహాన్ని, ఆవిడ మా వదినే అని గొప్పగా చెప్పుకున్నాను. అందరూ నా వైపు తిరిగారు. మర్నాడు వెళ్ళేసరికి నా పక్కన రెండు కుర్చీలూ ఖాళీ. నాతోపాటు చేరిన వాళ్ళిద్దరినీ పంపించేశారు."

"మరి నిన్ను?"

"నన్నుంచారు. ఎందుకో తెలుసా, మీ వదిన దగ్గర నేర్చుకుని రమ్మని. ఇకమీదట ముగ్గురి పనీ నేనే చెయ్యాలట. ఆ ఇద్దరూ తర్వాత సామాన్ల కోసం వచ్చినప్పుడు నా మొహం కూడా చూళ్ళేదు. నువ్వూ నేనూ కలిసి గూడుపుఠాణీ చేశామనుకుంటున్నారు."

రంగులక్క ల్యాప్‌టాప్ తెరిచి, చిట్టిని పక్కన కూర్చోబెట్టుకుంది. యంత్రానికి మేకపిల్ల సంగతంతా వివరంగా చెప్పింది. అది రెండు కొమ్ముల మేకని తెచ్చిపెట్టింది. ఇంకోలా చెప్పింది. మళ్ళీ రెండు కొమ్ములే. చిట్టి చేతులు కట్టుకుని చూస్తోంది.

"ఇంతవరకు మేమూ చేస్తాం వదినా. దీని తర్వాతది చూపించు."

"దీని తర్వాత చేతిపనే."

"వీడియోలో అలా లేదు."

"వీడియో కోసేశారే. నేను చెప్పింది సగమే ఉంచారు."

"నీ నోటితో నువ్వు చెప్పడం నేను చూశాను. నీ మొహం చూశాను, నీ నవ్వు చూశాను. ఇప్పుడు నా దగ్గరికొచ్చేసరికి కోసేశారా?" చిట్టి లేచింది. "పరాయివాళ్ళకి చూపించి నాకు దాస్తావా వదినా? నువ్వు నాకు పెన్సిలు పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పావు. ఇది మాత్రం నేర్పవు."

స్క్రూడ్రైవర్లు తుడుచుకుంటున్న అన్న తలెత్తి, "దాచేదేముందే, మీ వదిన అలాంటిది కాదు" అన్నాడు.

"నువ్వు మాట్లాడకన్నయ్యా. నీకేం తెలీదు."

తలుపు దభాలున వేసి వెళ్ళిపోయింది. భర్త మెల్లిగా, "మీ సారుది తప్పే, కాదన్ను. కానీ మొహం నీదే కదా. అదేం చేస్తుంది పాపం" అన్నాడు.

ఆ మాటతో ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయనన్నది మాత్రం నిజం. మొహం తనదే. గొంతు తనదే. ముక్కూ మొహం తెలియని ఇద్దరు పిల్లలు ఉద్యోగాలు పోయి ఎక్కడో ఇంట్లో కూర్చుని తన నవ్వు తలుచుకుని తిట్టుకుంటూ ఉంటారు. పైపెచ్చు నవ్వు కూడా కోసిన చోట బాగా కుదిరింది. లేచి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

సోమవారం సారు గదిలోకి వెళ్ళి నిలబడే మాట్లాడింది. "ఆ వీడియో తీసెయ్యండి."

"ఎలా తీస్తామమ్మా? తీస్తే అబద్ధం ఆడామని మనమే ఒప్పుకున్నట్టవుతుంది."

"ఆడాం కదా."

సారు మొహంలో నవ్వు పోయింది. "చూడు, సాఫ్ట్‌వేరు కంపెనీ వాళ్ళు, ఈ యంత్రం తయారుచేసినవాళ్ళే, ముందుకొచ్చి, వచ్చే వారం లైవ్ పెట్టిస్తున్నారు. ఎక్కడెక్కడి స్టూడియోల వాళ్ళో చూస్తామని పేర్లిచ్చారు. నువ్వు చెయ్యనంటే ఇంకొకరు చేస్తారు. వీడియో ఎలాగూ అక్కడే ఉంటుంది, నీ మొహంతోనే ఉంటుంది. ఆలోచించుకో."

ఆలోచించడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు. "నేనే చేస్తాను" అంది.

"అదీ మాట. పేజీలన్నీ ఫోల్డర్లో సిద్ధంగా పెట్టిస్తాను. నువ్వు కాసేపు యంత్రంతో ఆడుకో. నేను చెయ్యూపగానే ఫోల్డర్ తెరిచి పూర్తయిన పేజీ చూపించు. చాలు."

ఆమె ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఊ అన్నట్టే తీసుకున్నాడు ఆయన.

లైవ్ రోజున చిన్న గదిలో కిటికీలకి తెరలు దించి, ఆమె మొహం మీదికి దీపం పెట్టారు. ఎదురుగా కెమెరా వెనక సారు కూర్చున్నాడు. చూసేవాళ్ళ ప్రశ్నలు చదివి వినిపించడం ఆయన పని. తెర మూలన చూసేవాళ్ళ అంకె గబగబా పెరుగుతోంది. అందులో ఎక్కడో చిట్టి వాళ్ళ మేనేజరు కూడా ఉంటాడని రంగులక్కకి తెలుసు.

"నమస్కారం" అంది. "ఒక కొమ్ము విరిగిన మేకపిల్ల కావాలి. యంత్రానికి ఏమని చెప్పమంటారో మీరే చెప్పండి."

సారు కనుబొమలు ముడిపడ్డాయి. ఇది అనుకున్నది కాదు. కానీ జనం ఉత్సాహంగా సలహాలు పంపడం మొదలుపెట్టారు. ఆమె ఒక్కొక్కటీ అలాగే టైపు చేసింది. రెండు కొమ్ములు. మళ్ళీ రెండు కొమ్ములు. ఒకాయన సలహాతో మూడు కొమ్ములొచ్చాయి. ఇంకొకరి మాట ప్రకారం చేస్తే అసలు కొమ్ములే పోయి, దాదాపు కుక్కపిల్ల లాంటిది వచ్చింది. చూసేవాళ్ళు నవ్వుకుంటున్నారు. సారుకి మాత్రం నవ్వు రాలేదు. చెయ్యూపాడు. ఆమె చూడనట్టే ఉంది. ఇంకోసారి ఊపి, చివరికి గొంతులో తేనె పోసుకుని, "సమయం అవుతోంది కాబట్టి, ఇప్పుడు పూర్తయిన పేజీ చూద్దామా" అన్నాడు.

"చూద్దాం సార్" అంది రంగులక్క. ఫోల్డర్ తెరిచింది. తెర నిండా మేకపిల్ల వచ్చి నిలబడింది, చేతిలో ఎర్ర గొడుగు, తల మీద ఒకటిన్నర కొమ్ము.

"ఇది ఇప్పుడు చేసింది కాదండీ" అంది. "పోయిన నెల మేం ముగ్గురం చేత్తో చేసింది. మీరంతా చూసిన వీడియోలో, ఇక్కడిదాకా రావడానికి పావుగంట పడుతుందని నేనన్న మాట ఉంది. ఆ మాటకి రెండో సగం ఉంది. అది తీసేసి మీకు చూపించారు. మీలో కొంతమంది ఆ వీడియో మీ దగ్గర పనిచేసేవాళ్ళకి వేసి చూపించి, వాళ్ళని ఇంటికి పంపించారు. నా మొహం చూపించి పంపించారు. నేను వాళ్ళని చూసింది లేదు, వాళ్ళ గురించి ఎవరూ నన్నడిగింది లేదు. మీరైనా నన్ను ఒక్క మాట అడగొద్దా, ఇందులో నిజమెంత అని? ఈ పని మీకు తెలుసు కదా. కొమ్ము దానంతటదే విరగదని మీకు తెలుసు కదా. నేనన్న రెండో ముక్క ఏంటంటే..."

తెర మీద మైకు గుర్తు ఎర్రబడింది. సారు ఆమె మాట వినపడకుండా మైకు కట్టేశాడు.

ఆమె ఆయన వైపు చూసింది. తెర మాత్రం ఇంకా జనానికి కనిపిస్తూనే ఉంది. డిజిటల్ పెన్ను తీసుకుని ఆ మేకపిల్ల మీదే అడ్డంగా, గొడుగు మీంచి ఆకాశం మీదికి, పెద్ద పెద్ద అక్షరాలతో 'అసలు పని ఇక్కణ్ణించి మొదలవుతుంది' అని రాసింది. తొందరలో అక్షరాలు వంకరపోయాయి. చివరి అక్షరానికి గుడి పెడుతుండగా సారు లేచి వచ్చి గోడ దగ్గర తీగ లాగేశాడు. దీపం, తెర ఒక్కసారే ఆరిపోయాయి.

"ఇంతమంది ముందు నా పరువు తీశావు" అన్నాడు.

"మీ పేరు కూడా ఎత్తలేదు సార్. నా పరువు తియ్యడానికి మీకు నా మాట కత్తిరించాల్సొచ్చింది. నాకు కత్తెర అక్కర్లేకపోయింది."

సాయంత్రంలోగా, ఒంట్లో బాగాలేక ఏదేదో మాట్లాడానని చెప్తూ ఇంకో వీడియో తియ్యమన్నాడు సారు. అది చేస్తే ఇదంతా మర్చిపోతానన్నాడు. రంగులక్క తన పెన్ను, నీళ్ళ సీసా, చలికి వేసుకునే స్వెట్టరు తీసుకుని లిఫ్టు దగ్గరికి నడిచింది. గీతల పని చేసే అమ్మాయి ఒక్కతే లేచి నిలబడింది. మిగతావాళ్ళు తలలు తిప్పలేదు. వాళ్ళ మీద కూడా కోపమొచ్చింది ఆమెకి. వీధిలో సగం దూరం వచ్చాక, పోనీలే, వాళ్ళకీ ఇళ్ళున్నాయి అనుకుంది. అనుకున్నా కోపం పోలేదు.

మర్నాడు చిట్టి ఫోను చేసింది.

"ఆఫీసులో అందరం కలిసి చూశాం వదినా. పెద్ద తెర మీదే."

"మీ మేనేజరు ఏమన్నాడు?"

"వాళ్ళ సాఫ్ట్‌వేరు పాతదై ఉంటుంది, మనం కొత్తది కొందాం అన్నాడు."

రంగులక్క ఫోను చెవి దగ్గర్నుంచి తీసి దాని వంక చూసింది. మళ్ళీ చెవికి పెట్టుకుంది. "ఇంకా?"

"ఇవాళ పొద్దున, పంపించేసిన ఇద్దరిలో ఒకమ్మాయికి ఫోను చేసి వెనక్కి రమ్మన్నారు. రానంది. రెండో ఆవిణ్ణి అసలు పిలవనే లేదు." చిట్టి గొంతు తగ్గింది. "నేను నిన్ను నమ్మలేదు వదినా."

"నమ్మలేదని నేనూ నిన్ను బాగానే తిట్టుకున్నాలే."

"ఏమని?"

"అన్నకి తగ్గ చెల్లెలని."

చిట్టి నవ్వింది, ఏడ్చింది కూడా.

రెండున్నర గంటల అసలు రికార్డింగు రంగులక్క దగ్గర ఒక కాపీ ఉంది. దాన్ని ఒక్క ముక్క కూడా తియ్యకుండా అదే సైటులో తన పేరు మీద పెట్టింది. సారు ఫోను చేసి బెదిరించాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత చెయ్యడం మానేశాడు. ఆరు నిమిషాలది వేలమంది చూస్తే, దీన్ని వందల్లో చూశారు. చివరిదాకా చూసినవాళ్ళు బాగా తక్కువ, వాళ్ళంతా చేత్తో పని చేసేవాళ్ళే. 'మా సారుకి పంపాను, ఐదు నిమిషాలు చూసి కట్టేశాడు' అని ఒకావిడ రాసింది. చిట్టి మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుని, వదిన పక్కనే మొత్తం చూసింది. "రెండో గంటలో మేకని పట్టుకుని తిట్టావు చూడు, అది బావుంది" అంది.

ఇప్పుడు రంగులక్క ఇంట్లోనే కూర్చుని ఒకటీ అరా పుస్తకాలు చేస్తోంది. అప్పుడప్పుడూ చిట్టీ, ఆఫీసుకి తిరిగి రానన్న ఆ అమ్మాయీ వస్తారు. ఆ అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మంలో ఆగి రంగులక్క మొహంలోకి చాలాసేపు చూసింది, వీడియోలో చూసిన మనిషేనా అన్నట్టు. రంగులక్క కుర్చీ జరిపి చోటిచ్చింది. యంత్రాన్ని ఎక్కడ వాడారో, ఎక్కడ ఆపేశారో ముగ్గురూ కలిసి చెప్పి, ఆ పనంతా రికార్డు చేసి పెడుతున్నారు. వాటి కింద జనం మొదట అడిగే మాట ఒకటే, ఇంత పొడుగెందుకు అని.

ఆ ఆరు నిమిషాల వీడియో మాత్రం చావలేదు. సాఫ్ట్‌వేరు కంపెనీ చెప్పాక సారు దాన్ని తీసేశాడు. కానీ అప్పటికే ఎవరెవరో దాచుకున్నారు. కొత్త కొత్త పేర్లతో మళ్ళీ మళ్ళీ పైకి తెస్తున్నారు. నిన్న చిట్టి ఇంకొకటి చూపించింది. ఎవరో ముక్కూ మొహం తెలియని కన్సల్టెంటు 'మీ టీముకి తప్పక చూపించండి' అని పెట్టాడు. కింద అప్పుడే అద్భుతాలు మొదలయ్యాయి.

"ఎంతమందికని చెప్తావు వదినా, వదిలెయ్" అంది చిట్టి.

"వదలను" అంది రంగులక్క. కళ్ళజోడు సవరించుకుని, పళ్ళు బిగించి, టైపు చెయ్యడం మొదలుపెట్టింది.